పాకం చేతికి నీళ్ల పట్టీ

ఈ రాత వేళ్ల కసరత్తుగా మొదలైంది. కాలిన చెయ్యి మానినా వేళ్లు బిగుసుకుపోతాయనీ, రోజూ వాటికి ఏదో ఒక పని చెప్పాలనీ నిజామాబాద్ ఆసుపత్రిలో కసరత్తులు నేర్పే అమ్మాయి గట్టిగా చెప్పింది. పిండి పిసకమంది, స్పాంజి నొక్కమంది. చదువొచ్చు కదా, రోజూ ఒక పేజీ రాయమంది. మొదట ఇంట్లోవాళ్ల పేర్లు రాశాను. అవి అయిపోయాక చుట్టాల పేర్లు రాశాను. మా చుట్టాలు తక్కువేం కాదు, అయినా వాళ్లూ అయిపోయారు. ఇక జరిగిందే రాద్దామనిపించింది. కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఏ ఆసుపత్రి బెంచీ మీదో ఏడుస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు కొంచెం ధైర్యంగా ఉంటుంది. మా అత్తమ్మలాంటి అత్తమ్మలు ఉంటే వాళ్లకు కొంచెం హెచ్చరికగానూ ఉంటుంది.

శివరాత్రికి ముందు

మాది బోధన్ నుంచి వర్ని పోయే దారిలో కాస్త లోపలికి ఉండే ఊరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చుట్టుపక్కల చాలామంది చెరకు మానేసి వరిలోకి దిగారు. మా మామ మాత్రం చెరకూ వదల్లేదు, బెల్లం గానుగా వదల్లేదు. పాకం పట్టడం కొడుక్కి నేర్పాలని ఆయన చాలా చూశాడు. మా ఆయన గంగాధర్‌కు అన్నీ ఉన్నాయి, ఓపిక ఒక్కటే లేదు. పాకం తొందరపడి దించితే బెల్లం గట్టిపడదు, ఆలస్యం చేస్తే మాడి చేదెక్కుతుంది. ఈయన రెండూ చేసి చూపించాడు. దాంతో మామ విసిగిపోయి, కొత్త కోడలినని కూడా చూడకుండా, నన్ను పిలిచి పెనం పక్కన కూర్చోబెట్టాడు.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. పెనం పక్కన చల్లనీళ్ల గిన్నె ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఆ నీళ్లలో ముంచాలి. వెంటనే ఉడికే పాకంలోంచి చిటికెడు అందుకుని, అంతే వేగంగా మళ్లీ నీళ్లలో ముంచాలి. వేళ్ల మీది తడి ఆ ఒక్క క్షణం కాపాడుతుంది, మిగతాది గిన్నెలోని నీళ్లు చూసుకుంటాయి. అప్పుడు ఆ పాకాన్ని నీళ్లలోనే ఉండ చుట్టి, వేళ్ల మధ్య అది ఎంత మెత్తగా నలుగుతుందో చూసి దించాలా వద్దా చెప్పాలి. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది గానీ, అలవాటైతే వక్కాకు చుట్టినంత సులువు. మామ పోయాక మా గానుగకు పాకం చెయ్యి నాదే. పక్క ఊళ్లవాళ్లు కూడా కొత్త పొయ్యి వెలిగిస్తే నన్ను పిలుచుకుపోయేవాళ్లు. అందులో నాకు బోలెడు గర్వం, దాచుకునే రకం కాను.

ఆ రోజు మా దూడ పలుపు తెంచుకుంది. ఎండలో గంతులేసి గంతులేసి, దాహమేసి, నా వెనక నుంచి వచ్చి గిన్నెలో నీళ్లన్నీ తాగేసి పోయింది. నాకు తెలియదు. నా కళ్లు పాకం నురుగు మీద ఉన్నాయి. ఇన్నేళ్ల అలవాటులో చెయ్యి గిన్నెను ఎప్పుడూ వెతుక్కోలేదు, తనంతట తాను పోయి వస్తుంది. ఆ రోజూ పోయింది. వేళ్లకు గిన్నె అడుగు గట్టిగా తగిలింది గానీ, ఆ సంగతి నా బుర్రకు ఎక్కేలోపు పొడి చెయ్యి పాకంలో ఉంది. మళ్లీ గిన్నెలోకి పోయింది. అక్కడ నీళ్లు లేవు.

నూనె పడితే జారిపోతుంది, పాకం జారదు. అంటుకుని ఉండిపోతుంది. బోరు దగ్గరికి పరుగెత్తి నీళ్ల ధార కింద చెయ్యి పెట్టాను. ప్రాణం కొంచెం నిమ్మళించేలోపు మా అత్తమ్మ వచ్చి నా రెక్క పట్టుకుని ఇవతలికి లాగింది. కాలినదానికి నీళ్లు తగిలితే బొబ్బలెక్కుతాయని ఆమె నమ్మకం. ఆమె సున్నపుతేటలో కొబ్బరినూనె కలిపి రాస్తే, మా ఆయన పళ్లపేస్టు తెచ్చి దానిమీద పూశాడు. కాసేపు నా చేతిమీద తల్లీకొడుకుల పోటీ నడిచింది. తర్వాత డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, ఆ రోజు జరిగిన వాటిలో సరైన పని బోరు కింద చెయ్యి పెట్టడం ఒక్కటే. ఇంకా చాలాసేపు అక్కడే ఉంచుకోవాల్సిందట. ఇది చదివేవాళ్లు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

ఊళ్లో కట్టు కట్టించుకున్నాం. పొడి బట్ట పెట్టి, పైన గుడ్డ చుట్టారు. కట్టు మార్చిన ప్రతిసారీ ఆ బట్ట పుండుకు అతుక్కుపోయి, అప్పుడప్పుడే వస్తున్న పల్చటి పొరను కూడా లాక్కుని వచ్చేది. నేను పెద్దగా ఏడ్చే మనిషిని కాను. కట్టు మార్చే రోజు వస్తుందంటే మాత్రం ముందు నుంచే ఏడుపు మొదలయ్యేది. జ్వరం కూడా వచ్చింది. బోధన్‌లో మా బెల్లం కొనే మిఠాయి దుకాణం వాళ్లింటి నసీమ్ ఆపా చూడ్డానికి వచ్చి, నా వేళ్లు చూసి, మా ఆయన వైపు తిరిగి ఒక్క మాట అంది.

"ఇంక ఈడ పెట్టుకోకు బాబా. రేపు పొద్దుగాల నిజామాబాద్ తీస్కపో. మోటర్‌సైకిల్ మా ఇంట్ల పెట్టి బస్సెక్కున్రి."

వేచిచూసే గది

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఏ సందులోకి పోయినా ఆసుపత్రే. మేము పోయిన దాంట్లో వేచి ఉండే గది నిండా జనం. గోడకు టీవీ ఉంది, సీరియల్ నడుస్తోంది, శబ్దం లేదు. అందులో ఒకామె ఎందుకో తెగ ఏడుస్తోంది. మాకు ఎవరి ఏడుపు వాళ్లకుంది కనుక ఎవరూ పట్టించుకోలేదు.

నా పక్కన ధర్మాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుంది. ఆమెది మరాఠీ, నాది తెలుగు. నా జుట్టు ఎలా ఉందో ఆమె చాలాసేపు చూసింది. ఎడమచేత్తో దువ్వుకోవడం రాక, మా ఆయన జడ వేస్తానంటే నవ్వొచ్చి, అలాగే ముడిపెట్టుకుని వచ్చాను. ఆ అవ్వ ఏమీ అడగకుండా నా భుజం పట్టి కిందికి కూర్చోబెట్టి, తన సంచిలోంచి దువ్వెన తీసి, చిక్కులు విడదీసి బిగుతుగా జడ వేసింది. మధ్యమధ్యలో మరాఠీలో ఏదో చెబుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ కళ్లనీళ్లు ఆగలేదు. ఆ తర్వాత ఆమెను మళ్లీ చూడలేదు. ఆ జడ మాత్రం బస్సు దిగేదాకా ఊడలేదు.

డాక్టరమ్మ మెత్తటి మనిషి, మాట మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చివర్లు బాగా లోతుగా కాలాయంది. మూడు వారాలు చూద్దాం, చర్మం తనంతట తాను వస్తే అదృష్టం, రాకపోతే తొడ మీది చర్మం తీసి అతకాలంది. అతికితే చెయ్యి పనికొస్తుందా అని అడిగాను. పనికొస్తుంది, అన్నం తినొచ్చు, పని చేసుకోవచ్చు, కానీ ముట్టుకుంటే తెలిసే తెలివి వేళ్ల కొసలకు ఇదివరకున్నంత ఉండకపోవచ్చు అంది.

నాకు ఆ చివరి మాట ఒక్కటే వినిపించింది. అన్నం ఎడమచేత్తో తింటాను, అది పెద్ద బాధ కాదు. పాకం ఉండను పట్టుకుంటే మెత్తనో గట్టో తెలియని వేళ్లు నాకెందుకు? మామ పోతూపోతూ నాకు ఇచ్చిపోయింది అదొక్కటే. అది పోతే నేను ఎవరిని అని భయమేసింది. చాలా భయమేసింది.

కట్టు కట్టే సునీత సిస్టర్ అప్పుడే ఒక పొట్లం చింపింది. లోపల అద్దంలా కనిపించే మెత్తటి రేకు ఉంది. ముంజ పొట్టు ఒలిచాక ఎలా ఉంటుందో అలా, పట్టుకుంటే వణుకుతోంది. పాత బట్టను నీళ్లతో నానబెట్టి మెల్లగా తీసి, దాన్ని నా వేళ్లమీద పరిచింది. నేను పళ్లు బిగించుకుని కళ్లు మూసుకున్నాను. నొప్పి రాలేదు. చల్లదనం వచ్చింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నా భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా అవి పైకి ఎత్తిపెట్టి ఉన్నాయని కూడా నాకు తెలియదు.

ఏం మందు ఇది అని అడిగితే డాక్టరమ్మ నవ్వింది. మందు కాదమ్మా, చాలావరకు నీళ్లే అంది. నీళ్లను తనలో పట్టుకునే సన్నటి వల లాంటి పదార్థం ఒకటి ఉంటుందట, హైడ్రోజెల్ అంటారట. వలలో చేప చిక్కినట్టు నీళ్లు చిక్కుకుంటాయి. మామూలుగా ముట్టుకుంటే కారవు, వల కరగదు. పుండు పొడిగా ఉంటే తన తడి ఇస్తుంది, పుండు నీరు కారితే కొంత తాను తాగుతుంది. పుండుకు అతుక్కోదు కనుక తీసేటప్పుడు కొత్త పొర ఊడిరాదు. అద్దంలా ఉంటుంది కనుక విప్పకుండానే లోపల ఏం జరుగుతుందో కనిపిస్తుంది. కొత్త చర్మం పక్కల నుంచి పాకుతూ రావాలి, తడి ఉంటే పాకుతుంది, ఎండి చెక్కు కడితే దాని కింద దారి తవ్వుకోవాల్సి వస్తుంది అని చెప్పింది. నేను సబ్జా గింజలు తలుచుకున్నాను. నీళ్లలో వేస్తే చుట్టూ జిగురు చొక్కా తొడుక్కుని ఉబ్బుతాయి కదా, అదీ ఈ జాతిదేనా అని అడిగితే, అవునంది.

మా ఆయన అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ముందటి వానాకాలం ఆయన పసుపు చేలో వేర్ల దగ్గర వేయడానికి ఒక రకం గుళికలు తెచ్చాడు. అవి నీళ్లు తాగి ఉబ్బి, నేల ఎండినప్పుడు మెల్లగా వదులుతాయి. మేడమ్, ఇవీ అవీ ఒకటేనా అని అడిగాడు. అవి దీనికి చుట్టాలే అంది డాక్టరమ్మ. పసిపిల్లలకు కట్టే డైపర్లలోనిదీ, కళ్లలో పెట్టుకునే మెత్తటి లెన్సులూ ఈ కుటుంబమేనంది. కుటుంబం ఒకటే గానీ ఎవరి పని వాళ్లదే అని కూడా చెప్పింది. మా ఆయన మొదటి సగం విన్నాడు. రెండో సగం వచ్చేసరికి ఆయన ఆనందం ఆయనది. బస్సులో బోధన్ వచ్చేదాకా కండక్టర్‌తో సహా అందరికీ హైడ్రోజెల్ గురించి పాఠం చెప్పాడు.

రంజాన్ నెల

ఇంటికి వచ్చాక అసలు పోరు మొదలైంది. మా అత్తమ్మ లెక్కలో పుండు అంటే ఆరాలి, ఎండాలి, చెక్కు కట్టాలి. నీళ్లు తగలనివ్వకూడదు. అలాంటిది కోడలి చేతిమీద నీళ్ల రేకు పరిచి పంపారు. కట్టు చుట్టూ తిరిగి తిరిగి చూసేది. "పైసలు తీస్కొని నీళ్లు కట్టిన్రు" అని పక్కింటివాళ్లతో అనేది. నాతో మాత్రం అనేది కాదు, ఎందుకంటే మూడు పూటలా నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టేది ఆమే.

కొన్నాళ్లకు పుండు చుట్టూ ఉన్న మంచి చర్మం తెల్లగా నానిపోయి, బట్టలుతికినప్పటి చేతిలా ముడతలు పడింది. రేకు కింద పసుపుపచ్చగా ఏదో చేరింది, కాస్త వాసన కూడా వచ్చింది. మా ఆయన చేనికి పోయాడు. అత్తమ్మ నా చెయ్యి చూసి చీము పట్టిందని గుండెలు బాదుకుంది. నాకూ భయమేసింది, అందుకే ఆమె విప్పుతానంటే వద్దనలేదు. విప్పి, గుడ్డతో తుడిచి, నన్ను గడప ముందు ఎండలో కూర్చోబెట్టి, వేపమండతో ఈగలు తోలింది. సాయంత్రానికి వేళ్లు ఎండి పెళుసెక్కాయి. వంచితే పగిలి రక్తం వచ్చింది.

మా ఆయన వచ్చి చూసి తల్లిమీద అరిచాడు. ఆమె కూడా ఊరుకోలేదు. ఆ తర్వాత తల్లీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి. అన్నం తినమని మీ ఆయనకు చెప్పు అని ఆమె, పెట్టమని మీ అత్తకు చెప్పు అని ఈయన. ఒకే వంటింట్లో ఇద్దరూ నా ముందే నిలబడి నాకు చెప్పి పంపేవాళ్లు. నాకు ఇద్దరిమీదా కోపంగానే ఉంది. కానీ కోపమున్న మనిషి చేతి ముద్ద నోట్లో పెట్టుకోవడం ఎంత కష్టమో, ఆ ముద్దలో పచ్చడి మనకు నచ్చినంతే కలిపి ఉంటే కోపం నిలుపుకోవడం ఇంకా ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది.

ఈసారి ఆసుపత్రికి అత్తమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ మందలించలేదు. చీము కాదు, పుండులోంచి ఊరిన నీరు రేకుతో కలిస్తే అలాగే ఉంటుంది, నిజంగా చీమైతే ఎరుపు, వాపు, జ్వరం, నొప్పి పెరుగుతాయి, అప్పుడు వెంటనే రావాలి అని వివరంగా చెప్పింది. పక్క చర్మం నానింది మాత్రం నిజమేనంది. సునీత సిస్టర్ అప్పటినుంచి రేకును ఒక్కో వేలికి పుండు ఉన్నంత మేరకే కత్తిరించి పెట్టేది. అన్నీ చెప్పాక డాక్టరమ్మ మా అత్తమ్మను ఒక ప్రశ్న అడిగింది.

"నారు పోసినంక మడి ఎండబెడ్తరా అవ్వా?"

"ఎట్ల ఎండబెడ్తం? పదును మీదనే ఉంచాలె. లేకుంటే నారు సస్తది గద."

"కోడలి చేతి మీద కూడా నారే పోసినం."

అత్తమ్మ నా కట్టు వైపు చూసింది. వయసంతా వరి నాట్లు వేసిన మనిషి. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. మరునాటి నుంచి ఆమె మారిపోయిన తీరు చూస్తే, డాక్టరమ్మకు కూడా ఇంత పట్టుదల ఉండదేమో అనిపించేది. ఎవరైనా నా కట్టు వైపు వేలు చూపిస్తే చాలు, చేతులు కడుక్కున్నవా అని అడిగేది.

ఆ తిరుగు ప్రయాణపు సాయంత్రమే, బోధన్‌లో మోటర్‌సైకిల్ తీసుకోవడానికి నసీమ్ ఆపా ఇంటికి పోయినప్పుడు ఉపవాసం విడిచే వేళయింది. కూర్చోబెట్టి, ఖర్జూరాలతోపాటు పాలతో చేసిన, జెల్లీలాంటి చైనా గ్రాస్ ముక్కలు పెట్టింది. ప్లేటు కదిలిస్తే ముక్కలు వణికాయి. ఆపా ఒక ముక్క ఎత్తి నా కట్టు పక్కన పట్టుకుని, గదే గద నీ పట్టీ అంది. అత్తమ్మ నవ్వాపుకోలేకపోయింది. మా ఆయన కూడా నవ్వాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం చాలా రోజుల తర్వాత అదే. ఆ పూట నేను ఎడమచేత్తోనే మూడు ముక్కలు తిన్నాను.

అంతా బాగుందనుకుంటుండగా ఆసుపత్రివాళ్లు ఇంటికి ఇచ్చి పంపిన రేకులు అయిపోయాయి. మళ్లీ నిజామాబాద్ పోవాల్సింది మరుసటి రోజు. చేతికున్న ఆఖరి రేకు స్నానం చేస్తుండగా జారి కిందపడింది. మా ఆయన పెరట్లోకి పోయాడు. కొంచెంసేపటికి స్టీలు గిన్నెతో వచ్చాడు. పసుపు చేలో వేయగా మిగిలిన గుళికలు నీళ్లలో నానబెట్టాడు. అవి ఉబ్బి, పగిలిన మంచుగడ్డల్లా మెరుస్తున్నాయి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, నా చెయ్యి దానంతట అది ముందుకు పోయింది. మంట తట్టుకోలేకుండా ఉన్నాను. డాక్టరమ్మే చుట్టాలని చెప్పింది కదా అని ఆయన, ఒక్క పూటే కదా అని నేను. మెత్తటి పాతగుడ్డలో పరిచి నా వేళ్లకు చుట్టబోయాడు. మొన్నటిదాకా తడి అంటేనే మండిపడ్డ అత్తమ్మ వచ్చి, గిన్నె లాక్కుంది.

"మట్టిల వేసేది పచ్చి పుండు మీద పెడ్తవారా? ఫోన్ జెయ్యి. ఆ సిస్టర్‌నడుగు ముందుగాల."

ఆయన గొణుక్కుంటూనే ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టాడు. సునీత సిస్టర్ మొత్తం విని, నవ్వకుండా ఉండటానికి కష్టపడి, చివరికి అంది.

"అన్నా, అది పసుపుకు పెట్టున్రి, అక్కకు వద్దు. పొలం గుళికలు పుండుకు తయారైనవి గావు, శుభ్రం జేసినవి గావు. రసాయనాలుంటయి, పురుగు పడ్తది, చెయ్యి పోతది."

వేజిలిన్ పట్టించిన బట్ట బోధన్ మందుల దుకాణాల్లోనే దొరుకుతుందనీ, రేపటిదాకా దానితో కట్టమనీ చెప్పింది. మా ఆయన మోటర్‌సైకిల్ తీసుకుని వెంటనే పోయాడు. అత్తమ్మ నానిన గుళికలను తీసుకెళ్లి ఇంటిముందు మల్లెచెట్టు మొదట్లో గొయ్యి తవ్వి పాతేసింది. దూడ నాకకుండా పైన రాళ్లు పేర్చింది. ఆ దూడను ఇంట్లో ఎవరైనా తిడితే ఆమె ఊరుకునేది కాదు, దాహమైతే తాగదా అని దాని తరఫున వకాల్తా తీసుకునేది. అయినా దాని సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఆ మరునాడు డాక్టరమ్మ లైటు దగ్గరికి జరిపి నా వేళ్లు చాలాసేపు చూసింది. నేను ఆమె ముఖం చూడలేక గోడవైపు చూశాను. వేళ్ల అంచుల నుంచి గులాబీరంగు పొర లోపలికి వచ్చిందనీ, మధ్యలో కూడా చిన్న చిన్న దీవుల్లా మొలిచిందనీ చెప్పింది. తొడ చర్మం అక్కర్లేదు, నీ చర్మమే వస్తోంది అంది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. నవ్వుతూనే ఉన్నాను, ఎందుకో తెలియదు, ఆపడం రాలేదు. సునీత సిస్టర్ కట్టు కడుతూ చెయ్యి కదపకు అక్కా అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఎండాకాలం

పుండు మానింది గానీ కథ అక్కడితో అయిపోలేదు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే రాస్తున్నాను. కొత్త చర్మం గులాబీరంగులో, ఉల్లిపొరంత పల్చగా వచ్చింది. ఎండ తగిలితే మండేది, రాత్రి దురద పెట్టేది. వేళ్లు వంగేవి కావు. అన్నిటికన్నా, కొసలకు ఏమీ తెలిసేది కాదు. బియ్యంలో చెయ్యి పెడితే చేతికి గ్లౌజు తొడిగినట్టు ఉండేది. తొడ చర్మం అతకకుండానే తెలివి పోయిందా అని లోపల్లోపల కుమిలిపోయాను. డాక్టరమ్మను అడిగితే మెల్లగా వస్తుంది, ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను అంది. అబద్ధం చెప్పకపోయినందుకు ఆమెమీద కోపం కూడా వచ్చింది.

కసరత్తుల అమ్మాయి చెప్పిన పనులన్నీ చేశాను. అత్తమ్మ తన సొంత పరీక్ష ఒకటి కనిపెట్టింది. భోజనాలయ్యాక కళ్లు మూసుకోమని, నా వేళ్ల మధ్య ఏదో ఒకటి పెట్టి ఏందో చెప్పమనేది. చింతగింజ, శనగపప్పు, చక్కెర, బొంబాయి రవ్వ. మొదట్లో అన్నీ ఒక్కటే. ఒకరోజు ఎంతో నమ్మకంగా పెసరపప్పు అన్నాను, అది ఆమె ముక్కుపుడక. ఇంకోరోజు చక్కెరను ఉప్పు అన్నాను, అత్తమ్మ నా నోట్లో వేసి నన్నే చూసుకోమంది. మా ఆయన కూడా పక్కన కూర్చుని పందెం కాసేవాడు, చాలాసార్లు నాకు వ్యతిరేకంగానే కాసేవాడు. మిరుగు కార్తె వచ్చి వానలు పడేనాటికి రవ్వకూ చక్కెరకూ తేడా తెలిసింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశారు.

వానలకు ముందు, ఆ ఎండలకు మా వీధిలో మల్లెచెట్లన్నీ వాడిపోయాయి. మా ఇంటిముందుది ఒక్కటే పచ్చగా ఉంది. గుళికలు నీళ్లు పోసినప్పుడల్లా తాగి, నేల ఎండినప్పుడల్లా ఇస్తూ, మళ్లీ తాగుతూ ఉన్నాయి. మా ఆయన వచ్చినవాళ్లందరికీ ఆ చెట్టును చూపించి, చూసిన్రా, నేను తప్పేం జెప్పలే అనేవాడు. ఎవరి పని వాళ్లదే అన్న రెండో సగం కూడా ఇప్పుడు చెబుతున్నాడు, నేను పక్కనుంటే.

మళ్లీ పొయ్యి వెలిగించినప్పుడు

దీపావళి వెళ్లాక చెరకు కోతకు వచ్చింది. గానుగ తిరిగింది, పెనం కింద మంట రాజుకుంది. చెరకు రసం మరిగే వాసన వచ్చేసరికి నేను పెనానికి రెండడుగులు దూరం జరిగాను. వేడి పాకంలో వేళ్లు ముంచడం ఇక కుదరదని డాక్టరమ్మ ముందే చెప్పింది, ఆ చర్మానికి ఓర్పు లేదట. మామ పద్ధతి అక్కడితో ఆగిపోయిందని మొదట్లో బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, పాకం చూసేది వేడిలో ముంచినప్పుడు కాదు, చల్లబడ్డాక ఉండ నలిపినప్పుడు. ముంచే పని గరిటెతోనూ అవుతుంది. మామ ఉంటే గరిటెను చూసి మూతి ముడిచేవాడు, అది వేరే సంగతి.

అయితే ఆ నలిపినప్పుడు నా వేళ్లకు తెలుస్తుందా లేదా అన్నది ఎవరికీ తెలియదు. తెలియకపోతే వేరే ఊరి నుంచి పాకం పట్టేవాళ్లను పిలవాలి. దూడ ఈసరికి బాగా పెరిగింది. దాన్ని కొట్టం అవతలి కొసన రెండు పలుపులతో కట్టారు. అయినా అత్తమ్మకు నమ్మకం లేదు. చల్లనీళ్లు గిన్నె నిండా తానే పోసి, వేపమండ పట్టుకుని గిన్నె పక్కనే పీట వేసుకుని కూర్చుంది. చాయ్ తాగడానికి కూడా లేవలేదు.

పాకం చిక్కబడి బుడగలు పెద్దవయ్యాయి. మా ఆయన పొడుగు గరిటెతో కొంచెం తీసి నీళ్లలో వేశాడు. నేను చెయ్యి పెట్టి ఉండ చుట్టాను. మూడు వేళ్ల మధ్య పెట్టి నలిపాను. ఏదో ఉందని తెలిసింది, అంతే. మెత్తనో గట్టో తెలియలేదు. ఇంకోసారి వేయమన్నాను. కళ్లు మూసుకున్నాను, భోజనాలయ్యాక అత్తమ్మ మూయించినట్టే. రెండోసారి ఉండ నలిగి చదునైంది, జారుడుగా, ఇంకా పచ్చిగా. అది నాకు తెలిసింది. వద్దు, ఇంకా కానీ అన్నాను. మా ఆయన మంట ఎగదోశాడు.

మూడోసారి ఉండ వేళ్ల మధ్య నిలబడింది. నొక్కితే లొంగింది, వదిలితే తన ఆకారం తాను పట్టుకుంది. బొటనవేలి కొసకు తెలిసింది, చూపుడువేలికి తెలిసింది. నడిమివేలికి సగమే తెలిసింది, ఆ సగం చాలు. ఏడాదిగా మాట్లాడని మనిషి గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచినట్టయింది.

"దించున్రి" అన్నాను.

నలుగురు పట్టి పెనం దించారు. పాకం కలిపి అచ్చుల్లో పోశారు. అచ్చులు విప్పేదాకా నేనూ మా అత్తమ్మా గిన్నె దగ్గరే కూర్చున్నాం. ఇప్పుడు ఆ నీళ్లను కాపలా కాయాల్సిన పని లేదు, అయినా ఆమె వేపమండ వదల్లేదు. బెల్లం బంగారు రంగులో, గట్టిగా, అంచులు విరగకుండా వచ్చింది. అత్తమ్మ మొదటి ముక్క విరిచి నా నోట్లో పెట్టింది. రెండో ముక్క పట్టుకుని లేచి, కొట్టం అవతలి కొసకు నడుచుకుంటూ పోయి దూడకు పెట్టింది.